యూనియన్ ఉండాలా వద్దా అని చెప్పేది ఎవరు? – పాఠకుల ప్రశ్నలకి జవాబులు

పోయిన సంచికలో కొత్త లేబర్ కోడ్‌ల మీద రెండు ముక్కలు రాసాను, దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన యూనియన్ల గురించే. కొందరు కోపంగా రాసారు, కొందరు భయంగా రాసారు. అన్నిటికీ జవాబు ఇవ్వడానికి చోటు చాలదు కాబట్టి ఐదు ఉత్తరాలు తీసుకున్నా. పేర్లు వెయ్యొద్దని అడిగిన వాళ్ళే ఎక్కువ, అందుకే ఎవరి పేరూ వెయ్యట్లేదు.

ప్రశ్న: సార్, మా నాన్న కండక్టర్‌గా చేసి రిటైర్ అయ్యారు. నేను డిగ్రీ ఫైనల్ ఇయర్. 2019 సమ్మె తర్వాత ఆర్టీసీలో యూనియన్లు రద్దయ్యాయని అందరూ అంటుంటారు. నిజంగానే రద్దు చేసారా? ఏ చట్టం కింద చేసారు? నాన్నని అడిగితే "అదంతా అయిపోయింది లేమ్మా" అంటారు. (ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా)

అమ్మా, ముందు సూటిగా జవాబు చెప్తాను, కథ తర్వాత. రద్దు కాలేదు. రిజిస్టర్ అయిన యూనియన్‌ని ముఖ్యమంత్రి మాటతో రద్దు చేసే చట్టం మన దేశంలో లేదు. అప్పుడు అమల్లో ఉన్న 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ క్యాన్సిల్ చెయ్యాలంటే అది రిజిస్ట్రార్ చెయ్యాలి, కారణం చూపించాలి, నోటీస్ ఇవ్వాలి, దాని మీద అప్పీల్‌కి వెళ్ళొచ్చు. అలాంటిదేమీ జరగలేదు. మరి జరిగిందేంటంటే యూనియన్‌ని కాగితం మీద బతకనిచ్చి డిపోలో ఊపిరాడకుండా చేసారు. అది ఎలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2019 అక్టోబర్ 5, బతుకమ్మ రోజులు, దసరా ఇంకో మూడు రోజులు ఉంది. సుమారు 48 వేల మంది కార్మికులు సమ్మెలోకి దిగారు. మొత్తం 26 డిమాండ్లు, మొదటిది ఆర్టీసీని ప్రభుత్వంలో కలపమని, ఎందుకంటే పక్కన ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే ఆ నిర్ణయం అయిపోయింది. ముగ్గురు ఐఏఎస్‌ల కమిటీతో చర్చలు జరిగాయి, తెగలేదు. సాయంత్రం 6 గంటల్లోగా డ్యూటీకి రానివాళ్ళు ఇక ఉద్యోగులే కాదని ప్రభుత్వం ప్రకటించింది. "సెల్ఫ్ డిస్మిస్" అన్న మాట అప్పుడే ఊరూరా పాకింది. అమ్మా, నేను లేబర్ కోర్టు చుట్టూ చాలా ఏళ్ళు తిరిగిన మనిషిని, ఆ మాట నాకు ఏ చట్టంలోనూ కనపడలేదు. ఎనిమిది రోజులు రాకపోతే ఉద్యోగం ఆటోమేటిక్‌గా పోతుందని కంపెనీ రూల్స్‌లో రాసి ఉన్న కేసులోనే, మనిషిని పిలిచి నీ మాటేంటి అని అడక్కుండా తీసెయ్యడం చెల్లదని సుప్రీంకోర్టు 1993లో డి.కె. యాదవ్ కేసులో తేల్చి చెప్పింది. ఒక్క మనిషికే అలా కుదరకపోతే 48 వేల మందికి ఒక్క ప్రకటనతో ఎలా కుదురుతుంది?

సెప్టెంబర్ జీతం కూడా ఆగిపోయింది, అది సమ్మెకి ముందు చేసిన పనికి రావాల్సిన జీతం. పండగ పూట ఇంట్లో రూపాయి లేదు. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు, ఆ తర్వాత ఇంకా చావులు. అక్టోబర్ 19న రాష్ట్ర బంద్, 30న సరూర్‌నగర్ సభ, నవంబర్ 9న చలో ట్యాంక్‌బండ్, ఆరోజు లాఠీలు, అరెస్టులు. ఇంకో పక్క 5,100 రూట్లు ప్రైవేట్‌కి ఇస్తామని కేబినెట్ తీర్మానం. రిటైర్డ్ సుప్రీంకోర్టు జడ్జిలతో కమిటీ వేద్దామా అని హైకోర్టు అడిగితే ప్రభుత్వం వద్దంది. చివరికి 52వ రోజు, నవంబర్ 25న, సంఘాల ఉమ్మడి కమిటీ జేఏసీ తనంతట తనే సమ్మె విరమించింది.

ఆ మర్నాడు పొద్దున నేను ఒక డిపో గేటు దగ్గర నిలబడి చూసాను, ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఖాకీ డ్రస్సులు ఇస్త్రీ చేసుకుని, టిఫిన్ బాక్సులు పట్టుకుని, ఆడవాళ్ళు కూడా, ఐదింటికల్లా వచ్చేసారు. గేటు బయట పోలీసులు, లోపల టెంపరరీ డ్రైవర్లు బస్సులు తీస్తున్నారు. మీ ఇష్టం వచ్చినప్పుడు పోయి మీ ఇష్టం వచ్చినప్పుడు వస్తే కుదరదని పై నుంచి ఆర్డర్. ఒకామె కండక్టర్, నలభై ఐదేళ్ళు ఉంటాయేమో, గేటు చువ్వలు పట్టుకుని లోపలున్న సూపర్‌వైజర్‌ని "సార్, ఒక్క సంతకం పెట్టించుకోండి సార్, నేను వచ్చానని" అని అడుగుతోంది. ఆయన తల తిప్పుకున్నాడు. ఆయన చేతిలో మాత్రం ఏముంది. మూడు రోజులు అలా తిప్పి, 28న కేబినెట్ పెట్టి, 29 నుంచి రానిచ్చారు.

డిసెంబర్ 1న ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రతి డిపో నుంచి కొంతమందిని ప్రగతి భవన్‌కి పిలిచి భోజనం పెట్టి మాట్లాడారు. రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60 అన్నారు, సమ్మె కాలానికి జీతం ఇస్తామన్నారు, ఆడవాళ్ళకి రాత్రి 8 తర్వాత డ్యూటీ ఉండదన్నారు. ఇవన్నీ మంచివే, కాదనను. వాటితో పాటు ఇంకో మాట, రెండేళ్ళు యూనియన్లు ఉండవు, డిపోకి ఇద్దరితో వెల్ఫేర్ కమిటీలు ఉంటాయి అని. మీరు విన్న "రద్దు" ఇదేనమ్మా.

దీన్ని అమలు చెయ్యడానికి చట్టం అక్కర్లేకపోయింది. ఒకటి రిలీఫ్ తీసేసారు. రిలీఫ్ అంటే గుర్తింపు సంఘం (కార్మికుల ఓట్లతో గెలిచి అందరి తరఫున మాట్లాడే యూనియన్) నాయకులకి కార్మికుల పనులు చూడ్డానికి డ్యూటీ నుంచి ఇచ్చే వెసులుబాటు, అది పోతే ఆ మనిషి పన్నెండు గంటలు స్టీరింగ్ ముందు కూర్చుని ఇంకెవరి కేసు చూస్తాడు? రెండోది గుర్తింపు ఎన్నికలు. ఆఖరిసారి 2016లో జరిగాయి, రెండేళ్ళకోసారి జరగాల్సినవి ఆ తర్వాత ఏళ్ళ తరబడి జరగలేదు. గుర్తింపు సంఘం లేకపోతే జీతాల ఒప్పందం మీద ఎదురుగా కూర్చుని సంతకం పెట్టేవాడే ఉండడు. వెల్ఫేర్ కమిటీ మెంబర్ మంచినీళ్ళ కూలర్ గురించి, రెస్ట్ రూంలో ఫ్యాన్ గురించి అడగ్గలడు, ఫిట్‌మెంట్ (జీతం పెంపు శాతం) ఎంత అని గట్టిగా అడగలేడు, అడిగి రానప్పుడు నోటీస్ ఇవ్వలేడు.

నాన్నగారిని ఈసారి ఇంకోలా అడిగి చూడండి. చెకింగ్‌లో టికెట్ కేసు పడితే, కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కి బస్సు నడిచే కిలోమీటర్లు) తక్కువ వచ్చిందని డ్రైవర్‌కి చార్జిషీట్ ఇస్తే, 2019కి ముందు ఎవరి దగ్గరికి పోయేవాళ్ళు, ఆ తర్వాత ఎవరి దగ్గరికి పోయారు అని. తేడా అంతా ఆయన చెప్పే జవాబులో ఉంటుంది.

ఇంకోటి కూడా తెలియాలి మీకు. 2023 ఆగస్టులో అసెంబ్లీ ఆర్టీసీ ఉద్యోగులని ప్రభుత్వ సర్వీసులోకి తీసుకునే బిల్లు పాస్ చేసింది, 43 వేల పైచిలుకు మందికి. అంటే ఏ డిమాండ్ అసాధ్యమని 52 రోజులు తిప్పి కొట్టారో అదే డిమాండ్‌ని నాలుగేళ్ళకి, ఎన్నికల ముందు, ఒప్పుకున్నారు. ప్రభుత్వం మారాక 2025 మే 7 నుంచి మళ్ళీ సమ్మె అని జేఏసీ నోటీస్ ఇచ్చినప్పుడు కూడా ఆ విలీనం అమలు, యూనియన్ల మీద ఆంక్షలు ఎత్తెయ్యడం రెండూ లిస్టులో ఉన్నాయి. మంత్రితో చర్చల తర్వాత ఆ సమ్మె వాయిదా పడింది.

ప్రశ్న: యూనియన్లంటే పార్టీల తోకలే కదా. బస్సులు ఆగితే నష్టపోయేది మాలాంటి పేదోళ్ళు. ఆ 52 రోజులు మా అమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్ళడానికి ఆటోకి ఎంత పోసానో నాకు తెలుసు. అవి పోతేనే మంచిది. (ఒక పాఠకుడు, నల్గొండ)

అన్నా, మీ అమ్మగారి బాధ నేను తక్కువ చెయ్యను. బస్సు ఆగితే దెబ్బ తగిలేది కారున్నవాడికి కాదు. యూనియన్లు పార్టీల తోకలన్న మాటలోనూ సగం నిజముంది, ఆ సగం మీద నాకు మీకన్నా ఎక్కువ కోపం.

2016 ఆర్టీసీ గుర్తింపు ఎన్నికల్లో గెలిచిన సంఘం అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్‌కి దగ్గర సంఘం, ఆ పార్టీ నాయకుడే కొంతకాలం దానికి గౌరవాధ్యక్షుడు. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరిగినప్పుడు ఇదే కార్మికులు బస్సులు ఆపారు, అప్పుడు అది త్యాగం అన్నారు. రాష్ట్రం వచ్చాక 2015 మేలో ఎనిమిది రోజులు సమ్మె చేస్తే 44 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చారు, ఆంధ్రాలో 43 ఇస్తే ఇక్కడ ఒకటి ఎక్కువే ఇచ్చారు. దాంతో చాలామంది కార్మికులు మన ప్రభుత్వం, మన యూనియన్, అడిగితే ఇస్తారులే అనుకున్నారు. నన్నడిగితే ప్రభుత్వం చెయ్యి పెట్టడం అక్కడే మొదలైంది, 2019లో కాదు. చెయ్యి భుజం మీద వేసినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు, అదే చెయ్యి మెడ మీదకి వచ్చాక అరిచారు.

చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. 2001లో ట్రేడ్ యూనియన్ల చట్టాన్ని సవరించినప్పుడు మంత్రులుగా ఉన్నవాళ్ళు రిజిస్టర్డ్ యూనియన్‌లో ఆఫీస్ బేరర్‌గా ఉండకూడదని పెట్టారు.

కానీ అన్నా, పార్టీ తోకని కోసెయ్యాల్సింది కార్మికుడు, ఓటుతో. సింగరేణి చూడండి, అదీ ప్రభుత్వ కంపెనీయే. 2012లో, 2017లో టీఆర్ఎస్ అనుబంధ సంఘం గెలిచింది. తర్వాత ఎన్నికలు ఏళ్ళ తరబడి లాగారు, చివర్లో వాయిదా వెయ్యమని మళ్ళీ హైకోర్టు దాకా వెళ్ళారు, కోర్టు ఒప్పుకోలేదు. 2023 డిసెంబర్ 27న బొగ్గు గనుల దగ్గర రహస్య బ్యాలెట్ పెడితే కార్మికులు సంఘాన్ని మార్చేసారు, ఏఐటీయూసీ గెలిచింది. ఆర్టీసీ వాళ్ళకి ఆ అవకాశం ఇచ్చి ఉంటే మీరు చెప్పే తోకల సంగతి వాళ్ళే తేల్చేవాళ్ళేమో. సంఘం చెడ్డదైతే దాన్ని మార్చే హక్కు మెంబర్‌ది. ఎదురుగా కూర్చుని బేరమాడాల్సిన యజమానే నీ తరఫున ఎవరు మాట్లాడాలో నేను చెప్తా అంటే, అది బేరం ఎలా అవుతుంది?

ప్రశ్న: మా అక్క ఆంధ్రాలో అంగన్‌వాడీ టీచర్. 2024 జనవరిలో వాళ్ళ మీద ఎస్మా పెట్టారు కదా, ఎస్మా అంటే జైల్లో వేసేస్తారని అప్పుడు మా ఇంట్లో అందరం వణికిపోయాం. అసలు అది అంగన్‌వాడీలకి ఎలా వర్తిస్తుంది? (ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా)

ఈ ప్రశ్న అడిగినందుకు థాంక్స్ తమ్ముడూ, ఈ ఉదంతం గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు రగులుతుంది.

2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు లక్షమంది దాకా సమ్మెలోకి వచ్చారు. అప్పటికి వర్కర్‌కి నెలకి 11,500, హెల్పర్‌కి 7,000. తెలంగాణ కన్నా వెయ్యి ఎక్కువ ఇస్తామన్న మాట నిలబెట్టుకోండి, గ్రాట్యుటీ ఇవ్వండి అన్నది వాళ్ళ అడుగు. గ్రాట్యుటీకి అంగన్‌వాడీలు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది, అంటే వాళ్ళు కొత్తగా గొంతెమ్మ కోరికలేం కోరలేదు.

2024 జనవరి 6న ప్రభుత్వం జీవో ఇచ్చి ఎస్మా పెట్టింది. ఎస్మా అంటే అత్యవసర సేవల నిర్వహణ చట్టం, మన దగ్గరది 1971 నాటిది. ఫలానా సేవ అత్యవసరం అని ప్రభుత్వం ప్రకటిస్తే ఆర్నెల్లు అందులో సమ్మె నిషేధం, కాదని చేస్తే కేసు పెట్టొచ్చు, అరెస్ట్ చెయ్యొచ్చు.

ఇక్కడే నా బాధ. జీతం అడిగితే మీరు ఉద్యోగులు కాదు, మీది గౌరవ వేతనం, సేవ చేస్తున్నారు అంటారు. పెన్షన్ అడిగినా అదే మాట. అదే మనిషి పని ఆపితే మాత్రం మీరు లేకపోతే రాష్ట్రం నడవదు, మీది అత్యవసర సేవ అని జీవో వస్తుంది. నిజంగా అంత అత్యవసరం అయితే 11,500 ఏంటి? పసిపిల్లలకి గుడ్డు, పాలు, బాలింతల బరువు తూచడం, ఇంటింటికీ తిరిగి యాప్‌లో ఫొటోలు ఎక్కించడం, ఎన్నికల డ్యూటీ, ఇన్ని పనులు ఒక్క మనిషి నెత్తిన పెట్టి ఆ మనిషిని ఉద్యోగి అనడానికి మాత్రం నోరు రాదు.

ఎస్మా పెట్టాక కూడా వాళ్ళు కదల్లేదు తమ్ముడూ. అధికారులు తాళాలు పగలగొట్టి సెంటర్లు తెరిపించారు, నోటీసులు ఇచ్చారు, తీసేస్తున్నాం అని ఆర్డర్లు కూడా బయల్దేరాయి. జనవరి 22న చలో విజయవాడకి బయల్దేరిన ఆడవాళ్ళని దారిలోనే, బస్సుల్లోంచి, రైళ్ళలోంచి దింపేసారు. అదే రోజు రాత్రి ప్రభుత్వం చర్చలకి కూర్చుంది, 42 రోజుల సమ్మె ముగిసింది. మీ అక్కకి చెప్పండి, ఆ 42 రోజుల్లో వాళ్ళు రోడ్డు మీద కూర్చున్న తీరు మా తరం యూనియన్ వాళ్ళకి కూడా కనువిప్పు అని.

ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్తాను, మీరు ధైర్యంలో పడి దెబ్బ తినకూడదు కాబట్టి. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలో 19(1)(సి) కింద ఉంది, సమ్మె హక్కు అందులో భాగం కాదని సుప్రీంకోర్టు 1962లోనే చెప్పింది. 2003లో తమిళనాడులో ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేస్తే జయలలిత ప్రభుత్వం లక్షకి పైగా మందిని తీసేసింది, ఆ కేసులో రంగరాజన్ తీర్పు ప్రభుత్వ ఉద్యోగులకి సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదంది. ఆ తీర్పు నాకు నచ్చదు, కానీ అది ఉంది. అలా తీసేసిన వాళ్ళలో ఎక్కువమంది తర్వాత తిరిగి ఉద్యోగాల్లోకి వచ్చారు. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాలు 87, 98 అని రెండున్నాయి, ఇండియా వాటి మీద ఇప్పటిదాకా సంతకం పెట్టలేదు, కాబట్టి బయట నుంచి వచ్చే అండ కూడా తక్కువే.

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారులో ఒక ప్రైవేట్ ఫ్యాక్టరీ. 140 మందిమి సంతకాలు పెట్టి యూనియన్ రిజిస్ట్రేషన్‌కి ఇచ్చి ఐదు నెలలైంది. వెళ్ళినప్పుడల్లా ఏదో ఒక కాగితం అడుగుతున్నారు. ఈలోపు మేనేజ్‌మెంట్ మాలో నలుగురిని వేరే షిఫ్ట్‌లకి మార్చేసింది. ఏం చెయ్యాలి? (ఒక కార్మికుడు)

తమ్ముడూ, మీ కన్నా ముందు ఇదే బాట నడిచినవాళ్ళు తమిళనాడులో ఉన్నారు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్ శాంసంగ్ ప్లాంట్‌లో కార్మికులు 2024లో యూనియన్ రిజిస్ట్రేషన్‌కి పెట్టుకున్నారు. పేరులో శాంసంగ్ అని వాడకూడదని కంపెనీ అభ్యంతరం పెట్టింది, లేబర్ డిపార్ట్‌మెంట్ ఎటూ తేల్చలేదు. సెప్టెంబర్ 9 నుంచి 37 రోజులు సమ్మె చేసారు, పోలీసులు టెంట్లు పీకేసారు, అరెస్టులు జరిగాయి. మద్రాస్ హైకోర్టుకి వెళ్తే కోర్టు ఆర్డర్ మీద 2025 జనవరి 27న రిజిస్ట్రేషన్ వచ్చింది. అప్లికేషన్ ఇచ్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే సుమారు ఏడు నెలలు.

ఫైలు తొక్కిపట్టడం కూడా జోక్యమే. వద్దు అని రాసిస్తే మీరు కోర్టుకి పోతారు, ఏమీ రాయకపోతే ఏం పట్టుకుని పోతారు? అందుకని నోటి మాట ఒప్పుకోవద్దు. ఏ కాగితం అడిగినా రాతపూర్వకంగా అడగమనండి, మీరు ఇచ్చే ప్రతి కాగితానికీ స్టాంప్ వేసిన అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, తేదీలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్ మీ దగ్గర ఒకటి, ఇంకొకరి ఇంట్లో జిరాక్స్ ఒకటి. తర్వాత మంచి లేబర్ లాయర్‌ని పట్టుకుని హైకోర్టులో రిట్ వెయ్యండి, ఇన్ని రోజుల్లో తేల్చమని ఆర్డర్ అడగండి. షిఫ్ట్‌లు మార్చినవాళ్ళ పాత షిఫ్ట్, కొత్త షిఫ్ట్, మార్చిన తేదీ, సంతకాలు పెట్టిన తేదీ, నాలుగూ ఒక కాగితం మీద పెట్టండి, అది చూసినవాళ్ళకి ఎవరికైనా అర్థమైపోతుంది. కోపంలో లైన్ మాత్రం ఆపొద్దు, వాళ్ళు ఎదురు చూసేది దానికోసమే.

ప్రశ్న: కొత్త కోడ్ వచ్చాక మూకుమ్మడిగా సీఎల్ పెట్టినా సమ్మె కిందే లెక్కా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

అవునండీ. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020లో పాస్ అయింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఒక రోజు సగం మంది లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మే. ఇదివరకు 14 రోజుల నోటీస్ గొడవ ముఖ్యంగా కరెంటు, నీళ్ళు, రవాణా లాంటి ప్రజావసర సర్వీసులకి ఉండేది, ఇప్పుడు ఏ పరిశ్రమకైనా తప్పదు. నోటీస్ ఇచ్చాక కన్సిలియేషన్ (లేబర్ అధికారి ముందు రాజీ చర్చలు) మొదలైతే అది నడిచినన్నాళ్ళూ, ముగిసాక ఇంకో ఏడు రోజులూ సమ్మె చెయ్యకూడదు. అంటే నోటీస్ ఇచ్చిన మర్నాడే చర్చలకి పిలిచి వాటిని సాగదీస్తూ పోతే, చట్టం ప్రకారం చేసే సమ్మెకి రోజే దొరకదు. కాదని చేస్తే కార్మికుడికి 1,000 నుంచి 10,000 దాకా జరిమానా, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ. చెయ్యమని ప్రోత్సహించినవాడికి 10,000 నుంచి 50,000.

ఒకటికి మించి యూనియన్లున్న చోట 51 శాతం మెంబర్లున్న యూనియన్‌కే బేరమాడే హక్కు, ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం ఉన్నవాళ్ళతో కలిపి బేరమాడే కౌన్సిల్. దీనిమీద, మిగతా కోడ్‌ల మీద కేంద్ర కార్మిక సంఘాలు 2025 జూలై 9న దేశమంతా సమ్మె చేసాయి.

మీరు సీఎల్ పెట్టేముందు మీ డిపార్ట్‌మెంట్‌లో ఆరోజు ఇంకెంతమంది పెడుతున్నారో కనుక్కోండి. నిజంగా ఇంట్లో పనుండి పెడితే ఆ కారణానికి ఏదో ఒక రుజువు, పెళ్ళి కార్డో హాస్పిటల్ చీటీయో, జేబులో ఉంచుకోండి.